బందరు కథకు బట్టలు: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని నమ్మాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 17వ శతాబ్దపు మచిలీపట్నంలో, అంటే మన బందరులో జరిగే ఒక నాటకానికి దుస్తుల పని మీ చేతికొచ్చింది. ఊరు పుట్టుక దగ్గర్నుంచి చదవాలా, ఏ బొమ్మల్ని నమ్మాలి, బందరు అంటే కలంకారీ కదా, అందరికీ అదే వేసేస్తే సరిపోదా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ముందు ఏడాది తేల్చుకోండి. శతాబ్దం అంటే సరిపోదు, ఏడాది కావాలి. తర్వాత ఆ ఏడాది రేవులో ఎవరెవరు తిరిగేవారో ఒక కాగితం మీద రాసుకోండి. బట్ట జోలికి ఆ తర్వాతే వెళ్లండి. కలంకారీ మాత్రం అందరికీ వేయకండి. వేదిక మీద పదిమంది ఉంటే ఏడెనిమిది మంది తెల్లటి, లేదా ఉతికి ఉతికి మాసిన రంగు తిరిగిన నూలు బట్టలోనే కనిపించాలి. కలంకారీ ఎక్కువగా కనిపించాల్సింది మూటల్లో, కొనేవాళ్ల చేతుల్లో, నవాబు దివాణంలో పరుపుల మీద, తెరల మీద.

ఇది నేను పొరపాటు చేసి నేర్చుకున్నదే. ఇరవై రెండేళ్లుగా నాటకాలకు, సీరియళ్లకు బట్టలు చేస్తున్నాను. మొదటిసారి చారిత్రక నాటకం వచ్చినప్పుడు నేనూ మీలాగే అనుకున్నాను. సాలెవాళ్లకు, అద్దకం పనివాళ్లకు, పడవవాళ్లకు, అందరికీ కలంకారీ గీసి, ఆ స్కెచ్‌లు పట్టుకుని బట్ట కొనడానికి బందరు పక్కనే ఉన్న పెడన వెళ్లాను. అక్కడ అచ్చులు వేసే పెద్దాయన ఒకరు నా బొమ్మలు ఒక్కొక్కటే తిరగేసి, అద్దకంవాడి బొమ్మ దగ్గర ఆగారు. "ఇది వీడి ఒంటి మీదెందుకుందమ్మా? ఇది ఓడెక్కే సరుకు గదా" అన్నారు. ఆయన మోకాళ్ల మీద మరకలు పడ్డ తెల్ల పంచె ఉంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. నేను వెతుకుతున్న కాస్ట్యూమ్ నా ఎదురుగానే కూర్చుని ఉంది.

వ్యాపార నగరాల విషయంలో అందరం పడే గుంట ఇదే. ఊళ్లో తయారైనదాన్నే ఊరివాళ్లు కట్టుకునేవాళ్లని అనుకుంటాం. రేవు పట్టణంలో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. మంచి సరుకు బయటికి పోతుంది, ఊరికి మిగిలేది వేరు.

ఊరు పుట్టుక ఎంతవరకు చదవాలి?

చదవండి. కానీ మీకు కావాల్సినంతే చదవండి. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రా గ్రంథంలో ఈ తీరాన్ని మసాలియా అన్నాడు, ఇక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు. తర్వాతి శతాబ్దంలో టాలెమీ మైసోలియా అన్నాడు. మచిలీ అంటే చేప అని, కోట గుమ్మానికి చేప కళ్లు పెట్టారని చెప్పే కథలు బాగుంటాయి, మీ రచయితకు పనికొస్తాయి కూడా. కానీ మసాలియా అన్న మాట ఆ కథలకంటే చాలా పాతది.

1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో విదేశీ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకును రాజు లాక్కోడని, సుంకం మాత్రమే తీసుకుంటాడని మాటిచ్చాడు. అదే శతాబ్దం చివర మార్కో పోలో ఈ రాజ్యం గురించి రాస్తూ ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందన్నాడు. అంటే రేవు మారుతూ వచ్చిందే గానీ ఈ తీరం పేరు మోసింది ఎప్పుడూ బట్టతోనే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికి ఆ పెద్దరికం మచిలీపట్నానికి దక్కింది. బందరు అన్న మాటకు పర్షియన్‌లో రేవు అనే అర్థం. ఊరి పేరులోనే ఇరానీ వర్తకుల గొంతు వినిపిస్తుంది చూడండి.

డిజైనర్‌గా దీంట్లో మీరు పట్టుకోవాల్సింది ఒక్కటే. ఈ ఊరికి సన్నబట్ట కొత్త వింత కాదు. సన్నబట్ట చూసి ఆశ్చర్యపోయే పాత్ర ఉంటే అది బయటి నుంచి వచ్చినవాడిదై ఉండాలి.

ఏడాది ఎందుకంత ముఖ్యం?

డచ్చివాళ్లు 1605-06లో వచ్చారు, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. మీ కథ 1620లో జరిగితే వేదిక మీద ఫ్రెంచి కంపెనీ మనిషి ఉండకూడదు. 1675లో అయితే ముగ్గురూ ఉండొచ్చు. 1690 అయితే దివాణం మనుషులు మొఘల్ కొలువువాళ్లు.

ఇంకో సంగతి. మన పంచె, తలపాగా యాభై ఏళ్లలో పెద్దగా మారవు. యూరోపియన్ల బట్ట మాత్రం ఇరవై ఏళ్లకోసారి రూపు మార్చుకునేది. 1620ల నాటి వర్తకుడికి మెడ చుట్టూ పెద్ద కాలరు, నడుం దగ్గర బిగించిన పొట్టి చొక్కా, మోకాళ్ల దాకా ఉబ్బెత్తు లాగు. 1670లకు వచ్చేసరికి మోకాళ్ల దాకా దిగే పొడవాటి కోటు, లోపల పొడుగు వెస్టు. చరిత్ర తెలిసిన ప్రేక్షకుడు మీ నాటకం కాలాన్ని ఈ తెల్లవాళ్ల కాలరు చూసే పసిగడతాడు. కాబట్టి వాళ్లు ముగ్గురే ఉన్నా సరే, వాళ్ల మీద ఎక్కువ సమయం పెట్టండి.

ఉదాహరణకు 1675 అనుకుందాం. మీ కాగితం మీద ఎవరుండాలి? లోతు లేని తీరం కాబట్టి పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేది. అంటే పడవవాళ్లు, కూలీలు మొదటి వరసలో ఉంటారు. తర్వాత కోమటి వర్తకులు, ఇరువైపులా మాట మార్చి చెప్పే దుబాసీలు, సాలెవాళ్లు, అద్దకంవాళ్లు, చాకళ్లు. ఇరానీలు, ఆర్మేనియన్లు, అరబ్బులు. గోల్కొండ సర్కారు తరఫున సుంకం వసూలు చేసే అధికారి, ఆయన పరివారం. మూడు కంపెనీల గుమాస్తాలు. ఇంతమంది ఉన్న ఊళ్లో మనిషి ఎవరో ముందు చెప్పేది తలమీది బట్ట. అందుకే నేను స్కెచ్ ఎప్పుడూ తలపాగాతోనే మొదలుపెడతాను. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు ఎంబ్రాయిడరీ కనపడదు, తలపాగా ఆకారం కనపడుతుంది.

ఏ ఆధారాన్ని ఎంత నమ్మాలి?

నేను మూడు రకాల ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తాను: చూసినవాళ్ల రాత, ఆ కాలపు బొమ్మ, మిగిలిన బట్ట. రెండైనా ఒకే మాట చెప్తేనే కత్తెర పట్టుకుంటాను.

రాతల్లో మీకు మొదట కావాల్సినవాళ్లు ముగ్గురు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్. 1669-79 మధ్య బంగాళాఖాతం తీరమంతా తిరిగి, చూసినవాటి బొమ్మలు కూడా వేసుకున్న థామస్ బౌరీ. డచ్ కంపెనీలో పనిచేసి, 1693లో కోరమండల్ తీరం, అంటే మన తూర్పు తీరం మీద పెద్ద పుస్తకం వేసిన డేనియల్ హవార్ట్. వీళ్లు వ్యాపారం మనుషులు, బట్ట ధర తెలిసిన మనుషులు. సరుకు గురించి చెప్పినప్పుడు బాగా నమ్మొచ్చు. మన ఆడవాళ్ల గురించి, కులాల గురించి చెప్పినప్పుడు మాత్రం జాగ్రత్తగా చదవండి. ఇంట్లోకి రానివ్వని మనిషి గుమ్మం బయట నిలబడి చూసి రాసినవి అవి.

తెలుగులో ఉన్నవాటిని వదిలేయకండి. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. కావ్యాల్లోంచి తిండి, బట్ట, ఆటలు, వృత్తులు ఏరి కూర్చారు. 'హంసవింశతి' లాంటి కావ్యాల్లో వృత్తుల, వస్తువుల పేర్లు ఎన్నెన్ని ఉన్నాయో చూస్తే మీకే సంబరమేస్తుంది. ఒక చిన్న ఉదాహరణ. శ్రీనాథుడు విజయనగరం వెళ్లినప్పుడు కుళ్లాయి (టోపీ) పెట్టానని, కోక చుట్టానని, పెద్ద కూర్పాసం (చొక్కా) తొడిగానని చెప్పుకున్న చాటువు ఉంది. కోక అంటే మనకిప్పుడు ఆడవాళ్ల చీరే. అక్కడ కోక చుట్టుకున్నది మగవాడు. పాత రాతల్లో ఒక మాట కనపడగానే ఇప్పటి అర్థంతో బట్ట కోసేయకూడదని నాకు నేర్పింది ఆ పద్యమే.

ఇక బొమ్మలు. చాలామంది లేపాక్షికి పరిగెత్తుతారు. లేపాక్షి పైకప్పు చిత్రాలు అద్భుతమైనవే, చీరల అంచులు, పొడవాటి కుళ్లాయిలు అంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకవు. కానీ అవి 16వ శతాబ్దం మొదటి సగానివి, విజయనగర కొలువువి. 1675 కథకైతే వందేళ్లు పైగా ముందువి, సముద్రానికి చాలా దూరంగా ఉన్నవి. ఊళ్లో ముసలివాళ్ల చీర అంచులకు వాడుకోండి. రేవు అధికారికి కుళ్లాయి పెట్టేయకండి.

మీకు దగ్గరగా పనికొచ్చేవి గోల్కొండ చిత్రాలు, ఇంకా ఆ కాలపు కలంకారీ తెరల మీదున్న మనుషుల బొమ్మలు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఏడు పలకల కలంకారీ తెర ఉంది. ఇరానీలు, తెల్లవాళ్లు, మనవాళ్లు ఒక్కో పలకలో వేరువేరుగా కనిపిస్తారు. అదే నగరంలోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో గోల్కొండ కలంకారీ రుమాళ్లున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో విట్సెన్ ఆల్బమ్ అని సుల్తానుల, ఉమరావుల చిత్రాలున్న సంపుటి ఉంది, 1680లలో గోల్కొండలో వేయించినది. మీ సుంకం అధికారికి ఇంతకంటే మంచి రిఫరెన్స్ ఉండదు. తెల్లటి పల్చటి జామా (చంక కింద ముడేసే పొడుగు అంగీ), దాని కిందనుంచి కనపడే పైజామా రంగు, నడుముకు చుట్టిన జరీ పట్కా, భుజం మీద ఉత్తరీయం, ఇవన్నీ గమనించండి. ఆన్‌లైన్‌లో పెద్ద సైజులో చూడొచ్చు.

బొమ్మల విషయంలో ఒక్క హెచ్చరిక, ఇది నాకు బాగా తలనొప్పి తెచ్చింది. జామా ముడి ఏ చంక కింద పడుతుందన్నది చిన్న విషయం కాదు. మొఘల్ కొలువు చిత్రాల్లో ముస్లింలకు కుడివైపు, హిందువులకు ఎడమవైపు ఉంటుంది. ఒకసారి నెట్‌లో దొరికిన బొమ్మ చూసి పన్నెండు జామాలు కుట్టించాను. తర్వాత తెలిసింది, ఎవరో ఆ బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి పెట్టారని. పన్నెండింటికీ ముడులు విప్పి మళ్లీ కుట్టాం. ప్రతి బొమ్మనూ మ్యూజియం సొంత పేజీలో సరిచూసుకోండి. బొమ్మ మీద పర్షియన్ రాత ఉంటే, అది తిన్నగా ఉందో తిరగబడిందో చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

రంగుల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను

ఎందుకంటే అన్నీ సరిగ్గా చేసి రంగు దగ్గర పాడుచేసుకున్న ప్రొడక్షన్లు చాలా చూశాను.

ఒకసారి మ్యూజియం స్టోర్ రూములో 17వ శతాబ్దపు కోరమండల్ బట్ట ముక్క ఒకటి భూతద్దంతో చూసే అవకాశం వచ్చింది. పెద్ద పూల చెట్టు, కొమ్మల నిండా నీలి ఆకులు. అబ్బ, ఎంత బాగా ఊహించారు, నీలి ఆకులు అనుకున్నాను. అద్దం దగ్గరగా పెట్టాక ఒక ఆకు మడత లోపల, వెలుతురు తగలని చోట, ఆవగింజంత పసుపు కనపడింది. ఆ ఆకులు ఒకప్పుడు పచ్చనివే. నీలిమందు మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెచ్చేవారు. మూడొందల ఏళ్లలో పసుపు ఎగిరిపోయి నీలం మిగిలింది. కాబట్టి మ్యూజియం ఫొటో చూసి రంగులు తీస్తే, అప్పుడే అద్దకం దిగిన కొత్త సరుకు మీ వేదిక మీద మూడొందల ఏళ్లు వాడిపోయి కనిపిస్తుంది. రేవు సీన్‌లో మూట విప్పినప్పుడు ఆకులు పచ్చగా ఉండాలి.

పని తీరు తెలిస్తే రంగులు వాటంతటవే తెలుస్తాయి. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లు చూడ్డానికి తేనెరంగులోనే ఉంటాయి, కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడతాయి. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు అద్ది, తర్వాత చిరివేరు అనే మొక్క వేరుతో ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది. కృష్ణా డెల్టాలో గుల్లలు కలిసిన ఇసుక నేలల్లో పండిన చిరివేరుకు అప్పట్లో గొప్ప పేరు. ఎన్నిసార్లు ఉతికినా పోని ఆ ఎరుపు కోసమే దూరదేశాలవాళ్లు వచ్చారు. డచ్చివాళ్లు ఈ బట్టలు కొని, ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి, బదులుగా మసాలా దినుసులు తీసుకునేవారు.

అంటే మీ రంగుల పెట్టెలో ఉండేవి: చిరివేరు ఎరుపు, దాని నుంచి వచ్చే ఇటుక రంగు, గులాబీ ఛాయలు, ఊదా తిరిగిన గోధుమ రంగు, ఇనుము నలుపు, నీలిమందు నీలం, మెత్తటి పసుపు, ఆ రెండూ కలిసిన ఆకుపచ్చ. కృత్రిమ రంగులు 1856 తర్వాత పుట్టినవి. మెరిసే రాణీ రంగు, చిలకపచ్చ సింథటిక్ తలపాగాలు బందరు సీన్‌లో కనపడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డైరెక్టర్లు వాటినే అడుగుతారు. ఒప్పించడానికి నేను చేసేది ఒకటే: రెండు తలపాగాలూ స్టేజీ లైట్ల కింద నటుడికి చుట్టి చూపిస్తాను. చిరివేరు ఎరుపు దీపం వెలుతురులో ఎంత లోతుగా ఉంటుందో కళ్లతో చూశాక ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు బజారులో కలంకారీ పేరుతో దొరికేదాంట్లో చాలావరకు స్క్రీన్ ప్రింట్. పెడనలో అచ్చులతో వేసేది వేరు, శ్రీకాళహస్తిలో కలంతో గీసేది వేరు. మీకు కావాల్సిన 17వ శతాబ్దపు మేలురకం సరుకు కలంతో గీసినది. అచ్చు బట్ట వాడాల్సొస్తే పూలతీగలు, సర్వు (సైప్రస్) చెట్లు లాంటి ఇరానీ పోకడ ఉన్న అచ్చులు ఎంచుకోండి. ఏనుగుల వరసలు, బుద్ధుడి ముఖాలు, నాట్య భంగిమలు ఈ కాలపు గిరాకీ కోసం వచ్చినవి. తేలియా రుమాలు కూడా తీసుకురాకండి. చీరాల వైపు పుట్టిన గొప్ప నేత అది, కానీ మనకు తెలిసిన ఆ రూపం మీ కథకు చాలా తర్వాతిది.

ఆడవాళ్ల కట్టు

ఇక్కడ తొందరపడకండి. కుచ్చిళ్లు ముందు దోపి, పవిట ఎడమ భుజం మీద వేసి, లోపల లంగా, కుట్టిన జాకెట్టు తొడిగే ఇప్పటి పద్ధతి 19వ శతాబ్దం చివర నుంచి స్థిరపడింది. మీ పాత్రలకు లంగా అక్కర్లేదు. పనిచేసే ఆడవాళ్లకు గోచి పెట్టి కట్టిన ముతక చీర, మోకాలి కిందికి. ఉన్నవాళ్లకు ముందు ముడేసే రవిక. నటి ఇబ్బంది పడితే చర్మం రంగు లోదుస్తు ఇవ్వండి, ఒప్పించడానికి చరిత్రను అడ్డం పెట్టుకోకండి. నగల గురించి నేను చెప్పేది తక్కువే. మెరుపు తగ్గించండి, కూలి మనిషికి పూసలు చాలు. చెప్పులు చాలామందికి అక్కర్లేదు.

బడ్జెట్ లేనప్పుడు

యంత్రం నూలు మరీ నున్నగా ఉంటుంది, లైటు పడితే అట్టముక్కలా కనిపిస్తుంది. ముఖ్య పాత్రలు నలుగురికైనా చేతివడుకు నూలు కొనండి. శ్రీకాకుళం వైపు పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, సన్నని నూలు వడుకుతారు. ఆ బట్ట భుజం మీద పడే తీరు వేరు. సుంకం అధికారి జామాకు అదే వాడండి. మిగతా అందరికీ మామూలు ముతక కాటన్ చాలు.

అయితే కొత్త కాటన్ తెలుపు స్టేజీ మీద నీలంగా కొడుతుంది. దానికి కరక్కాయ పొడి నీళ్లలో నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లలో బట్టను పావుగంట ఉంచి తీసి ఎండలో ఆరేయండి. పాల మీగడ రంగు తిరుగుతుంది. ప్లాస్టిక్ తొట్టి వాడండి, ఇనుప బకెట్లో మాత్రం పెట్టకండి. ఇందాక చెప్పిన నలుపు సంగతి గుర్తుంది కదా, బకెట్ అంచు తగిలిన చోటల్లా నల్ల మరకలు పడతాయి. అద్దకంవాళ్ల పంచెలకైతే ఆ మరకలే కావాలి. తుప్పు మేకులు నానబెట్టిన నీళ్లు చేత్తో మోకాళ్ల దగ్గర చిలకరించండి, మీ కళ్లముందే నల్లబడతాయి. ఎరుపు మరకలు మోచేతుల దాకా మేకప్ వాళ్లు చూసుకోవాలి, ముందే చెప్పి ఉంచండి.

మీ స్క్రిప్టులో ఏడాది ఇంకా తేలకపోతే రచయితతో ఈ వారమే కూర్చోండి. 1675 అంటే మాత్రం మూడు కంపెనీలూ, ఇరానీలూ, గోల్కొండ దివాణమూ అందరూ ఒకే రేవులో దొరుకుతారు. తేలాక పాత్రల జాబితా ఇక్కడ పెట్టండి, ఒక్కొక్కరి తలపాగా గురించి విడిగా మాట్లాడుకుందాం.